ఖాళీ టైంలో కుట్టే జాకెట్టుకూ లెక్క ఉండాలి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. నాకు 29 ఏళ్లు, బీకాం చదివాను, బీసీలం. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఏడాదిన్నర. మావారు రొయ్యల మేత తయారుచేసే కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తారు. పెళ్లికి ముందు మూడు నెలలు టైలరింగ్ నేర్చుకున్నాను. మా అమ్మ పుట్టిల్లు పాలకొల్లు వైపు, ఆవిడ దగ్గర చిన్నప్పుడే లేసు అల్లడం వచ్చింది. ఇప్పుడు ఇరుగుపొరుగు వాళ్లకు లైనింగ్ జాకెట్లు 250 రూపాయలకు కుడుతున్నాను, చీరలకు క్రోషియా కుచ్చులు వేస్తున్నాను. మిషన్ ముందు కూర్చోగానే బాబు పెడల్ మీదికి వస్తాడు, పాప దారం ఉండలు నోట్లో పెట్టుకుంటుంది. మావారు "ఖాళీగా ఉన్నప్పుడు కుట్టుకో" అంటారు. ఆ ఖాళీ ఎప్పుడూ దొరకదు. శ్రావణ మాసానికి ఇస్తానన్న రెండు జాకెట్లు ఇవ్వలేక మాట పడ్డాను. 32 వేలు పెట్టి ఈఎంఐలో పవర్ మిషన్ కొంటే పని త్వరగా అవుతుందా? స్వెట్టర్లు అల్లి ఆన్‌లైన్‌లో అమ్మితే? లేక ఇదంతా మానేసి బ్యాంకు కోచింగ్‌కు వెళ్లమంటారా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది, మీవారు అన్న "ఖాళీగా ఉన్నప్పుడు". మిషన్ సంగతి, స్వెట్టర్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ మాట తేల్చుకోవాలి.

2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా టైమ్ యూజ్ సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని, ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్లకు అది 97 నిమిషాలేనని తేలింది. పిల్లల్ని చూసుకునే సమయం ఇందులో కలవలేదు, దానికి వేరే లెక్క. ఏడాదిన్నర పాప ఉన్న ఇంట్లో ఖాళీ అనేది దానంతటదే రాదు. మనం ఖాళీ చేస్తేనే వస్తుంది.

ఇంకో సంగతి మీ అమ్మగారి వైపు వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటా లేసు అల్లారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ పని విదేశాలకు ఎగుమతయ్యే వ్యాపారమైంది. 2024లో నరసాపురం లేసుకు జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేకతగా భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా అల్లిన చేతులకు దక్కింది తక్కువ. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ పరిశోధన చేసి 1982లో పుస్తకం వేసింది. ఆవిడ చెప్పిన ముఖ్యమైన కారణం ఇదే. వీళ్లు పనివాళ్లు కారు, ఇంట్లో కూర్చుని తీరిక వేళ అల్లుకునే ఇల్లాళ్లు అని అందరూ అనుకున్నారు, చివరికి ఆ ఇల్లాళ్లూ అలాగే అనుకున్నారు. తీరిక వేళకు కూలి ఎవరు కడతారు?

మీ జాకెట్టు లెక్క చూడండి. 250 రూపాయలు తీసుకుంటున్నారు. లైనింగ్ బట్ట మీదే అయితే దానికి ఓ 70, దారం, హుక్స్ కలిపి 10. చేతిలో మిగిలేది 170. కటింగ్‌కు అరగంట, మిషన్ మీద గంటన్నర, హెమ్మింగ్, హుక్స్, కాజాలకు 40 నిమిషాలు. ఇక్కడికి రెండు గంటల 40 నిమిషాలు. ఆది జాకెట్టు తెచ్చినావిడతో మాటలు, ఆ తర్వాత "చంకలో కొంచెం పట్టేసింది, విప్పి పెట్టవా" అనే కోరిక, అన్నీ కలిపితే మూడు గంటల 20 నిమిషాలకు తక్కువ కాదు. అంటే గంటకు 51 రూపాయలు. కరెంటు, మిషన్ రిపేరు ఇంకా కలపలేదు. నావి అంచనాలు, మీవి వేరే ఉండొచ్చు. అందుకే ఈ నెల ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి జాకెట్టుకూ ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు లేచారో రాయండి. మీవారికి చూపించడానికి కాదు, ముందు మీకే కావాలి అది.

ఇక పిల్లల మధ్య పని ఎలా అన్నది. మీరు అన్ని పనులకూ ఒకే రకం టైం వెతుకుతున్నారు. కుట్టుపనిలో రెండు రకాలున్నాయి. కటింగ్, మిషన్ మీది పని మధ్యలో లేస్తే చెడిపోతాయి. కత్తెర పెట్టిన బట్ట మీద ఒక్క క్షణం చూపు తప్పితే మెడ పోయినట్టే. హెమ్మింగ్, హుక్స్, కుచ్చులు అలా కాదు. పాప ఏడిస్తే పక్కన పెట్టి వెళ్లి, వచ్చి మళ్లీ ఆ ముడి దగ్గర్నుంచే అందుకోవచ్చు. బాబు అంగన్‌వాడీకి వెళ్లి పాప పడుకున్న గంటన్నర ఉంటుంది చూశారా, అది మిషన్‌ది. ఆ గంటన్నరలో పప్పు పొయ్యి మీద పెట్టడాలు, గిన్నెలు కడగడాలు వద్దు. గిన్నెలు పాప మేలుకున్నప్పుడు కూడా కడగొచ్చు, పవిట అంచు పట్టుకుని నిలబడుతుంది, ఫర్వాలేదు. చాలామంది తల్లులు ఇక్కడే తిరకాసు చేసుకుంటారు. పిల్ల పడుకోగానే ఇల్లు సర్దుతారు, సర్దడం అయ్యేసరికి పిల్ల లేస్తుంది.

వారానికి ఐదు రోజులు గంటన్నర చొప్పున ఏడున్నర గంటలు. మీవారికి వారాంతపు సెలవు రోజున మూడు గంటలు పిల్లల్ని పూర్తిగా ఆయనకు అప్పగించండి. పూర్తిగా అంటే చెరువు గట్టుకో, వాళ్ల అక్కగారింటికో తీసుకెళ్లాలి. పక్క గదిలో టీవీ పెట్టి కూర్చుంటే "అమ్మ ఏదీ" అని వచ్చేస్తారు. మొత్తం పదిన్నర గంటలు. ఒక జాకెట్టుకు కటింగ్, మిషన్ పని కలిపి రెండు గంటలు అనుకుంటే వారానికి ఐదు అవుతాయి. మీరు నాలుగే ఒప్పుకోండి. ఐదోది జ్వరాలకు, చుట్టాలకు, కరెంటు కోతకు. శ్రావణంలో మీరు మాట పడింది చేతకాక కాదు, లేని గంటల్ని అమ్మినందుకు.

నాలుగూ ఒకే రోజు కట్ చేయండి. నాలుగు వేరే రంగులైతే దారం మార్చడం తప్పదు గానీ, బట్ట పరిచి సుద్దతో గీసి కత్తెర పెట్టే తతంగం ఒక్కసారితో పోతుంది. అన్నిటికీ భుజాలు, తర్వాత అన్నిటికీ మెడలు, అలా వరసన వేయండి. వచ్చేవాళ్లకు సాయంత్రం నాలుగు నుంచి ఐదు అని చెప్పండి. పొద్దున ఎనిమిదింటికి బాబుకు అన్నం పెడుతుంటే ఎవరో సంచి పట్టుకుని వస్తే, అక్కడ పెట్టి వెళ్లి సాయంత్రం రమ్మనండి. మొదట్లో మొహం మాడ్చుకుంటారు, తర్వాత అలవాటవుతుంది. ఇచ్చే తేదీ పది రోజులు ఎక్కువ వేసుకుని చెప్పండి. వరలక్ష్మీ వ్రతానికి, దసరాకు, సంక్రాంతికి, పెళ్లి ముహూర్తాలకు ఇరవై రోజుల ముందే ఆర్డర్లు ఆపేయండి. రేటు 350 చేయండి. పాతవాళ్లకు ఒక నెల ముందే చెప్పి పెంచండి. ఇద్దరు ముగ్గురు వెళ్లిపోతారు. మీకు కావాల్సింది వారానికి నలుగురే.

ఈ లెక్కన లైనింగ్, దారం ఖర్చులు పోగా నాలుగు జాకెట్లకు 1,080. వారానికి ఒక చీర కుచ్చులకు పూసలు, దారం పోగా ఓ 250. నెలకు ఐదు వేల పైచిలుకు. ఇది ఇల్లు గడిచే జీతం కాదు, అలా అని మభ్యపెట్టను. ఏడాదిన్నర పాపతో ఉన్న ఈ రెండేళ్లకు ఇది సరైన సైజు.

పిల్లల విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండండి. మా అమ్మ మిషన్ కుట్టేది. విరిగిన సూది ముక్క ఒకటి నా మడమలో దిగి, ఊళ్లో ఆర్‌ఎంపీ పీకి తీసిన సంగతి ఇప్పటికీ గుర్తు. సూది విరిగితే రెండు ముక్కలూ దొరికేదాకా లేవకండి, కాగితంలో చుట్టి ఒక డబ్బాలో వేయండి. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి బల్ల మీద ఉంటే గుండుసూదులు దానికే అంటుకుని ఉంటాయి. మోటారు ఉన్న మిషన్ అయితే లేచిన ప్రతిసారీ ప్లగ్ పీకండి, స్విచ్ ఆపితే చాలదు, స్విచ్ వేయడం మీ బాబుకు వచ్చే ఉంటుంది. తొక్కుడు మిషన్ అయితే బెల్టు చక్రం మీంచి తప్పించండి. పాప వేళ్లు చక్రంలోకి వెళ్లేది అక్కడే. హుక్స్, గుండీలు, పూసలు మూత బిగించే డబ్బాలో, మీ తల కన్నా ఎత్తులో ఉండాలి. పూసల కుచ్చులు పాప మేలుకున్నప్పుడు వద్దు, ఉత్త దారం కుచ్చులైతే వేసుకోవచ్చు. బాబును తరిమేయకండి. వాడికి ఒక పాత బట్టముక్క, లావు ఊలు, చిల్లులు పొడిచిన అట్టముక్క ఇచ్చి దారం దూర్చమనండి. పది నిమిషాలు కూర్చుంటాడు, అదృష్టం బాగుంటే పదిహేను.

పవర్ మిషన్ ఇప్పుడు వద్దు. మీకు జాకెట్టు మీద పట్టే టైంలో మిషన్ నడిచేది సగం కూడా ఉండదు. మిగతాది కటింగ్, చేతిపని, మాటలు. వాటిని పవర్ మిషన్ తగ్గించలేదు, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా వస్తుంది. నిమిషానికి వేల కుట్లు వేసే మిషన్, పెడల్ మీదికి ఎక్కే నాలుగేళ్ల పిల్లాడు ఒకే గదిలో ఉండటం నాకు భయం. మీ మిషన్‌కు మోటారు లేకపోతే అది పెట్టించుకోండి, చాలు. మూడు నెలలు నోటుబుక్కు రాశాక కూడా నాలుగు జాకెట్లు సునాయాసంగా అయిపోతున్నాయంటే అప్పుడు ఆలోచిద్దాం. కొనేటప్పుడు సర్వో మోటారుదే అడగండి. పాతకాలపు క్లచ్ మోటారు స్విచ్ వేసినప్పటి నుంచీ హోరుమంటూ తిరుగుతూనే ఉంటుంది, పడుకున్న పిల్ల లేచి కూర్చుంటుంది. సర్వో మోటారు కాలు నొక్కినప్పుడే తిరుగుతుంది.

అప్పు చేసే ముందు పీఎం విశ్వకర్మ పథకం సంగతి కనుక్కోండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఆ పథకంలోని 18 చేతివృత్తుల్లో దర్జీ పని ఒకటి. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, ఆ రోజులకు 500 రూపాయల చొప్పున భత్యం, పనిముట్లకు 15 వేల దాకా వోచరు, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష వరకు రుణం. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు, ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు వర్తించదు. మీవారిది ప్రైవేటు ఉద్యోగం కాబట్టి ఆ అడ్డు లేదు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కామన్ సర్వీస్ సెంటర్లో అడిగి తెలుసుకోండి. మధ్యలో ఎవరికీ డబ్బులివ్వకండి. జిల్లాల్లో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఉచితంగా నెల రోజుల టైలరింగ్ కోర్సు ఉంటుంది. సాధారణంగా అక్కడే ఉండి నేర్చుకోవాలి, పాపతో మీకు కుదరదు. రోజూ వచ్చి వెళ్లేలా ఒప్పుకుంటారేమో అడగడంలో తప్పులేదు.

స్వెట్టర్ల మీద ఆశ పెట్టుకోకండి. మన కోస్తాలో చలి రెండు నెలలు, అదీ తెల్లవారుజామునే. ఆ రెండు నెలలకు టిబెటన్లు ఊరూరా స్వెట్టర్ల దుకాణాలు పెడతారు, చేత్తో అల్లినది ఆ ధరకు ఇవ్వలేరు. రెండు సూదులతో అల్లడం ఇష్టమైతే పాపకు ఒక టోపీ అల్లుకోండి, అది వేరే సంతోషం. అమ్మకానికి మీ చేతిలో ఉన్న బంగారం ఆ క్రోషియా సూదే. పట్టుచీరకు కుచ్చులు లేకుండా ఇప్పుడు పెళ్లికి వెళ్లేవాళ్లు తక్కువ. జాకెట్టు తెచ్చినావిడే చీర కూడా ఇచ్చి వెళ్తుంది. మీకొచ్చిన లేసు పనిని జాకెట్టు చేతుల అంచుకు, పసిపిల్లల గౌను మెడకు వేసి రెండు మూడు నమూనాలు గోడకు తగిలించండి. ఫ్రెండ్లీ రేటుకు ఇచ్చే మామూలు జాకెట్టు కన్నా దానికి గిరాకీ బాగుంటుందని నా నమ్మకం. అమ్మమ్మ పట్టుచీర చింపి మనవరాలికి పావడా కుట్టించేవాళ్లూ ఉంటారు. ఆ పనికి తొందర పెట్టరు, మంచి డబ్బులిస్తారు.

బ్యాంకు సంగతి. క్లర్క్ పరీక్షకు జనరల్ వయోపరిమితి 28, కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్న బీసీలకు మూడేళ్ల సడలింపు ఉంది. నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్‌తో గొడవ లేకపోతే మీకింకా రెండేళ్ల లోపే సమయం. నిజంగా మనసు అటే ఉంటే ఇప్పుడే చదవాలి, జాకెట్లు వారానికి రెండుకు తగ్గించాలి. రెండూ పూర్తిగా చేద్దామంటే మాత్రం ఒప్పుకోను, ఆ గంటన్నర ఒక్కటే. మనసు కుట్టు మీదే ఉంటే పాప బడికి వెళ్లాక ఐటీఐలో ఏడాది సోయింగ్ టెక్నాలజీ (కుట్టుపని) కోర్సు చేయండి. చేతిలో సర్టిఫికెట్ ఉంటే శిక్షణ కేంద్రాల్లో నేర్పే పని దొరకొచ్చు. బీకాం తోడుంటే ఏ దుస్తుల యూనిట్‌లోనైనా లెక్కలు, సూపర్‌విజన్ వైపు వెళ్లొచ్చు. బొటిక్ కల అప్పటిదాకా ఆగనివ్వండి.

చివరగా, అత్తగారి గురించి మీరు ఉత్తరం వెనకవైపు రాసిన రెండు లైన్లు చదివాను. మోకాళ్ల నొప్పులున్నా కూర్చుని హుక్స్ కుట్టిపెడతాను అన్నారట. ఒప్పుకోండి. కానీ జాకెట్టుకు ఇరవయ్యో, పాతికో లెక్కగట్టి నెలాఖరున ఆవిడ చేతిలో పెట్టండి. "నాకు డబ్బులెందుకే" అంటారు, తప్పకుండా అంటారు. అయినా నోటుబుక్కులో ఆవిడ పేరున ఒక పేజీ తీసి రాయడం మానకండి.