బ్రిడ్జ్ మాడ్యూల్ ఎక్కించబోయే బిడ్డకు

బిడ్డా,

కొల్లాపూర్ దిక్కు సబ్‌స్టేషన్‌ల ఈథర్నెట్ బ్రిడ్జ్ మాడ్యూల్ ఎక్కించే పని నీకు అప్పజెప్పిన్రని మీ బాపు చెప్పిండు. సంతోషమైంది. అక్కడి కంప్యూటర్ నెట్‌వర్కును లైను మీంచి మహబూబ్‌నగర్ ఆఫీసు నెట్‌వర్కుతోని కలిపే కార్డే గద అది. నా ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీల రాక్‌ల ముందలనే గడిచింది కాబట్టి, నీకు అక్కరకొచ్చేటివి రాసి పంపుతున్న.

ఈ పనిల ఎక్కువ తిప్పలు కార్డు చెడిపోయి రావు. ఇటు కొస ఒక తీరుగ, అటు కొస ఇంకో తీరుగ సెట్ చేసుడుతోని వస్తయి. అందుకే స్క్రూడ్రైవర్ పట్టకముందే మహబూబ్‌నగర్‌ల ఉండే మనిషితోని ఫోన్ల మాట్లాడి, ఇద్దరూ ఏమేం పెడుతున్నరో కాయితం మీద రాసుకోండ్రి. రెండు కొసలను కలిపే ఈ1 అనే డిజిటల్ లైను మొత్తం 2.048 ఎంబీపీఎస్. అండ్ల 32 టైమ్‌స్లాట్లు, అంటే వంతులు, ఒక్కోటి 64 కేబీపీఎస్. ఫ్రేమ్డ్ పెడితే సున్నా నంబరు స్లాటు ఫ్రేమింగ్‌కే, అంటే వంతులు యాడ మొదలైతయో గుర్తుపట్టేటందుకే, పోతది, మిగిలిన 31ల 1984 కేబీపీఎస్ నీ చేతికొస్తది. అన్‌ఫ్రేమ్డ్ అయితే మొత్తం నీదే. ఏది పెట్టినా తప్పులేదు, రెండు దిక్కులా ఒకటే ఉంటే చాలు.

క్లాక్ సంగతి ఇంకా జాగ్రత్తగ చూడు. బిట్లు ఏ వేగంతోని పోవాలెనో తాళం కొట్టేదే క్లాక్. ఒక కొస ఇంటర్నల్ క్లాక్ మీద నడవాలె, రెండో కొస లైను నుంచి వచ్చే క్లాక్‌ను పట్టుకోని నడవాలె. మీకు లైను ఇచ్చే నెట్‌వర్కే క్లాక్ ఇస్తుంటే రెండు కొసలూ దాన్నే పట్టుకోవాలె. రెండూ ఇంటర్నల్ పెడితే ఏమైతదో చూడు: దీపాలన్నీ పచ్చగనే ఉంటయి, అటు మిషను పలుకుతుందా అని చూసే చిన్న పరీక్ష, పింగ్, గూడ పోతది, అందరూ పని అయిపోయిందనుకుంటరు. కానీ రెండు క్లాకుల నడుమ ఉండే చిన్న తేడాతోని ఉండుండి స్లిప్ పడుతది, అంటే కొన్ని బిట్లు జారిపోతయి లేదా రెండుసార్లు వస్తయి, ఆ క్షణాన పోతున్న ఫ్రేము, అంటే డేటా ముక్క, చెడిపోతది. ఒక చోట ఇదే జరిగితే కార్డులు మార్చిన్రు, కేబుళ్లు మార్చిన్రు, క్లాక్ సెట్టింగు మాత్రం ఎవ్వరూ తెరిచి చూడలే. ఎర్రర్ల కౌంటు నిదానంగ, ఆగకుండ పెరుగుతుంటే ముందు క్లాకే చూడు.

ఇక కరెంటు. సబ్‌స్టేషన్‌ల రెండు రకాల డీసీ ఉంటది, ఇది ఎన్నడూ మరువకు. రిలేలకు, బ్రేకర్లకు 110 లేదా 220 వోల్టుల బ్యాటరీ వేరే ఉంటది, కమ్యూనికేషన్ సామానుకు మైనస్ 48 వోల్టులది వేరే. బోర్డు మీద రాసింది నమ్మకు, తీగె రంగు నమ్మకు, మీటర్ పెట్టి చూడు. 48 వోల్టుల దాంట్ల పాజిటివ్ ఎర్త్ అయి ఉంటది. 24 సెల్లుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జర్ మీద ఉన్నప్పుడు మీటర్ల 54 వోల్టుల చుట్టుపక్కల కనపడాలె. ఫ్యూజ్ పీకి జేబుల పెట్టుకోని వైరింగ్ చెయ్యి. ఎర్త్ తీగె అన్నిటికన్న ముందు బిగించు, ఇప్పేటప్పుడు అన్నిటికన్న ఆఖరుకు ఇప్పు.

రాక్ 19 అంగుళాలది. దాని ఎత్తు యూలల్ల కొలుస్తరు, ఒక యూ అంటే 44.45 మిల్లీమీటర్లు, దానికి మూడు రంధ్రాలు. రంధ్రాల నడుమ దూరం అన్ని చోట్ల ఒక తీరుగ ఉండదు, దగ్గరికి చూస్తే తెలుస్తది. రెండు రంధ్రాలు కొంచెం దగ్గరగ కనపడే చోట, ఆ సందు నడుమనే ఒక యూ అయిపోయి ఇంకోటి మొదలైతది. అది గుర్తుపట్టి, రంధ్రాలల్ల ఇరికించే కేజ్ నట్లు పెడితే కార్డులు పెట్టే షెల్ఫు సరిగ్గ కూసుంటది. ఒక రంధ్రం అటిటైతే షెల్ఫు కిందికో మీదికో జరిగి పక్క సామానుకు అడ్డమొస్తది.

కార్డు పెట్టే ముందు చేతికి, ఒంట్ల స్టాటిక్ కరెంటును ఎర్త్‌కు పంపే రిస్ట్ స్ట్రాప్ కట్టుకో. కార్డు మీది డిప్ స్విచ్‌లు, అంటే సెట్టింగులు పెట్టే చిన్న మీటలు, కాయితంతోని సరిచూసి ఫోన్ల ఫొటో తీసుకో, లోపలికి పోయినంక అవి కనపడవు. గైడు పట్టాల మీద నెమ్మదిగ జరుపు. ఆఖర్న బిగుతుగ తాకితే గట్టిగ దొబ్బకు, బయటికి తీసి వెనుక పిన్ను వంగిందేమో టార్చి పెట్టి చూడు. వంగిన పిన్ను మీద బలం పెడితే కార్డుతో పాటు షెల్ఫు వెనుక కార్డులను కలిపే బోర్డు, బ్యాక్‌ప్లేన్, గూడ పోతది.

ఈ1 కేబుల్ 75 ఓంల కోయాక్స్, అంటే టీవీ కేబుల్ తీరుది, అయితే రెండు తీగెలుంటయి, పంపేదొకటి, అందుకునేదొకటి. ఇటు పంపేది అటు అందుకునేదానికి పోవాలె. 120 ఓంల జత తీగెలను కోయాక్స్‌తోని, రెండిటికి జత కుదిర్చే బాలన్ లేకుండ కలపకు. దీపాలు చదువుడు నేర్చుకుంటే నాగర్‌కర్నూల్ మీంచి మహబూబ్‌నగర్ దాకా ఉత్తపుణ్యానికి తిరిగే బాధ తప్పుతది. ఎల్ఓఎస్ దీపం వెలిగితే నీ దగ్గరికి సిగ్నలే వస్తలేదు, నీ కేబులు, నీ కనెక్టర్లు ముందు చూసుకో. ఏఐఎస్ వెలిగితే నీ దాకా దారి బాగనే ఉంది, తెగింది అవతలెక్కడనో.

లైను పరీక్షకు అటుదిక్కు లూప్ పెట్టించి, అంటే పంపింది మళ్ల తిరిగొచ్చేటట్టు కలిపించి, టెస్టర్ బిగించి రాత్రంతా నడువనియ్యి. పొద్దుగాల ఎర్రర్ కౌంటు సున్నా ఉండాలె. కానీ బ్రిడ్జ్ బిగించి ఉన్నప్పుడు ఎన్నడైనా లూప్ పెట్టాల్సొస్తే ముందు లాన్ కేబుల్, అంటే ఆఫీసు కంప్యూటర్ల దిక్కు పోయే కేబుల్, పీకు. పీకకపోతే నీ కంప్యూటర్లు పంపిన ఫ్రేములే లైను దిక్కు నుంచి తిరిగొస్తయి. అప్పుడు కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్, బ్రిడ్జ్ రెండూ ఆ కంప్యూటర్లు అవతల ఉన్నయని రాసుకుంటయి, ఆఫీసు నెట్‌వర్కు మొత్తం ఆగుతది. పరీక్ష అయినంక లూప్ తీయించినవా అని ఒకటికి రెండుసార్లు అడుగు.

ఈథర్నెట్ పోర్టుల గూడ రెండు కొసల సూత్రమే. బ్రిడ్జ్ మీద 100 ఎంబీపీఎస్ ఫుల్ డూప్లెక్స్, అంటే ఒకేసారి పంపుడు, అందుకునుడు, అని గట్టిగ పెట్టి, స్విచ్‌ను ఆటోల వదిలేస్తే స్విచ్, ఒక్కసారికి ఒక్కటే చేసే హాఫ్ డూప్లెక్స్‌కు దిగుతది. పింగ్ మంచిగ పోతది, ఫైలు పంపితే మాత్రం కదలదు. రెండూ ఆటో పెట్టు, లేదా రెండూ ఫిక్స్ చెయ్యి. ఉత్త పింగ్‌తోని తృప్తి పడకు. 1472 బైట్ల సైజు పెట్టి, ముక్కలు చెయ్యొద్దని చెప్పి పంపు. హెడర్లు కలిస్తే 1500 అయితది, అది పోతేనే పెద్ద ఫ్రేములు పోతున్నట్టు. ఒకటే తీగె మీద వేరే వేరే నెట్‌వర్కులు నడిపే వీలాన్ ట్యాగులు వాడేదుంటే ట్యాగులతోని గూడ పరీక్షించు.

రెండు ఆఫీసుల నడుమ ఇంకో దారి ముందు నుంచే ఉన్నదేమో అడిగి తెలుసుకో. ఉంటే, చుట్టు తిరిగే దారిని మూసేసే స్పానింగ్ ట్రీ లేకుండ రెండో దారి కలపకు, అందరికీ పోయే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు గిరగిర తిరిగి లైను నిండిపోతది. పాత రకం స్పానింగ్ ట్రీ అయితే కేబుల్ పెట్టినంక పోర్టు తెరుచుకునేటందుకు 30 సెకన్లు పడుతది. ఆ 30 సెకన్లు ఆగలేక కేబుళ్లు మార్చి మార్చి పెట్టెటోళ్లను మస్తుమందిని చూసిన. నువ్వు ఓపిక పట్టు.

సీసీ కెమెరాలు గూడ దీని మీదనే పెట్టుమని ఎవరో ఒకరు అడుగుతరు. ఒప్పుకోకు. 100 ఎంబీ ఫైలు పోవాలంటేనే ఏడు నిమిషాల దాకా పట్టే లైను ఇది, సబ్‌స్టేషన్‌ను దూరం నుంచి చూసే, నడిపే స్కాడా సమాచారం పోయే దారి. పక్క బిల్డింగుకు లాన్ తీసుకపోవాల్సొస్తే రాగి కేబుల్ వద్దు, ఫైబర్ వెయ్యి. సబ్‌స్టేషన్‌ల ఫాల్ట్ పడ్డప్పుడు, పిడుగు పడ్డప్పుడు రెండు బిల్డింగుల ఎర్త్‌ల నడుమ వోల్టేజీ లేస్తది, రాగి తీగె దాన్ని నేరుగ పోర్టు మీదికి తెస్తది. మన పాలమూరు ఎర్రనేల ఎండాకాలం ఎండి పగులుతది, ఎర్త్ గుంతల నీళ్లు పోస్తున్నరా లేదా మార్చి నుంచే చూసుకో. అదే ఎండలల్ల కరెంటు పోతే రాక్ బ్యాటరీ మీద నడుస్తది, ఏసీ నడువదు. అందుకే మాడ్యూల్‌కు మీద, కింద గాలి ఆడేటంత జాగ విడువు.

అన్నీ అయినంక కాన్ఫిగరేషన్ సేవ్ చెయ్యి, కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చు. తర్వాత మీ ఏఈ సారు పర్మిషన్ తీసుకోని ఫ్యూజ్ పీకి, మళ్ల పెట్టి చూడు. ఎవ్వరి చెయ్యి పడకుండ లింకు తనంత తాను లేవాలె. లేవకపోతే సేవ్ కాలేదన్నట్టు. స్పేర్ కార్డుకు గూడ ఇవే డిప్ స్విచ్‌లు సెట్ చేసి, కవర్ మీద ఏ స్టేషన్‌దో, ఏ షెల్ఫ్‌దో రాసి కంట్రోల్ రూమ్ బీరువల పెట్టు. అర్ధరాత్రి ఆ కార్డు మార్చేది నువ్వే కాకపోవచ్చు.

నీ
పెద్దబాపు