కారు కొత్త బ్యాటరీ వారానికే డౌన్ అయింది, ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం) పోయిందా?

కోఠి గుజరాతీ గల్లీలో మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి, ఇంట్లోనే తేలిపోతుంది. డీసీ 20 వోల్టుల మీద పెట్టి ఎర్ర వైరు ప్లస్‌కి, నల్లది మైనస్‌కి ఆనించండి. ఫుల్ ఛార్జ్ ఉన్న బ్యాటరీ బండి ఆపి ఉన్నప్పుడు 12.6 దగ్గర చూపిస్తుంది, మీది తక్కువే ఉంటుంది లెండి. వేరే బండి బ్యాటరీకి కలిపే జంపర్ వైర్లతో స్టార్ట్ చేశాక మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్యకు ఎక్కాలి. అసలు పరీక్ష ఇక్కడే: ఏసీ, హెడ్‌లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి, ఎండాకాలం అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నంత లోడ్ ఇచ్చి, రేసు కొంచెం పెంచి చూడండి, 13 కంటే కిందికి జారితే ఆల్టర్నేటరో, దాని బెల్టో, వదులైన టెర్మినలో. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ని అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి, ఇంజిన్‌ని నియంత్రించే కంప్యూటర్, అంటే ఈసీయూ, కాలిపోవచ్చు.