అక్కకు లేని ముడతలు నాకెందుకు?

ప్రశ్న: నా వయసు 44. చాలా ఏళ్లుగా మా రొయ్యల చెరువుల పని చూసుకుంటున్నాను. కళ్ల చుట్టూ ముడతలు, బుగ్గల మీద మంగు వచ్చాయి. నాకన్నా ఆరేళ్లు పెద్దదైన మా అక్క నెల్లూరులో బ్యాంకు ఉద్యోగి. చూసినవాళ్లు ఆమెనే చెల్లెలనుకుంటున్నారు. ఇది జన్యు లోపమా? జన్యు పరీక్ష, మైటోకాండ్రియా మాత్రల ప్రకటనలు ఫోనులో వస్తున్నాయి. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, ఇందుకూరుపేట

జవాబు: రెండూ వద్దమ్మా. జన్యువుల ప్రభావం లేదని కాదు. ఎంసీ1ఆర్ అనే జన్యువులో కొన్ని మార్పులున్నవారు వయసుకు మించి కనిపిస్తారని నెదర్లాండ్స్‌లో యూరోపియన్లపై జరిగిన అధ్యయనం 2016లో తేల్చింది. కానీ ఆ సంగతి పరీక్షలో తెలిసినా చేయవలసిన వైద్యం మారదు.

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయి కాబట్టి వాటి విషయంలో మీ అక్కాచెల్లెళ్లకు దక్కిన ఆస్తి ఒకటే. తేడా ఆ తర్వాత వచ్చింది. మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ, అందులో 37 జన్యువులు ఉంటాయి. కేంద్రకంలోని డీఎన్‌ఏకు ఉన్నంత మరమ్మతు ఏర్పాటు దీనికి లేదు. ఎండలోని యూవీ-ఏ కిరణాలు చర్మం లోపొర దాకా దిగి దీన్ని దెబ్బతీస్తాయి. ఎండ బాగా తగిలిన చర్మంలో ఈ డీఎన్‌ఏ నుంచి పెద్ద ముక్కే ఊడిపోయి కనిపిస్తుంది. ఆపై కణాలకు హాని చేసే ఫ్రీరాడికల్స్ పెరుగుతాయి, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను తెంపే ఎంజైములు విజృంభిస్తాయి, చర్మం ముడత పడుతుంది. మీ అక్క నీడపట్టున ఉద్యోగం చేశారు, అంతే.

మైటోకాండ్రియా డీఎన్‌ఏ తగ్గేలా చేసిన ఎలుకలకు ముడతలు వచ్చి జుట్టు ఊడిందని, దాన్ని తిరిగి పెంచితే చర్మం మామూలైందని 2018లో అమెరికాలోని అలబామా శాస్త్రవేత్తలు ప్రకటించారు. ముచ్చటైన ప్రయోగమే. కానీ ఆ ఎలుకలు ఏ మాత్రా మింగి బాగుపడలేదు. శాస్త్రవేత్తలు తాము పెట్టిన జన్యు లోపాన్ని తామే ఆపారు!

చెరువు నీరు ఎండను కింది నుంచి ముఖం మీదికి కొడుతుంది కాబట్టి టోపీ ఒక్కటే చాలదు. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, యూవీ-ఏను కూడా ఆపే సన్‌స్క్రీన్ రాయండి. చెమటకు పోతుంది కనుక రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. గట్టు మీద పనిని వీలైనంత వరకు ఉదయం పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి.

మంగుకు ఎండతో పాటు హార్మోన్లూ కారణం. మందుల షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబరిచే క్రీముల్లో తరచూ స్టెరాయిడ్ ఉంటుంది. అది చర్మాన్ని పలచబరుస్తుంది. ఇప్పటికే వాడుతుంటే ఆ ట్యూబుతో సహా చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. ఏ మచ్చ అయినా పుండుగా మారి మానకపోతే మాత్రం ఆలస్యం చేయవద్దు.