వరల్డ్‌కాన్‌కు వెళ్తున్న చిన్నికి

కావలి

చిన్నీ,

నీకు వీసా వచ్చిందనీ, ఆగస్టులో అన్నయ్య దగ్గరికి వెళ్లి నెలాఖరులో కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో జరిగే వరల్డ్‌కాన్‌లో, అంటే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభలో, ఐదు రోజులూ ఉంటావనీ మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషపడ్డానో! మన ఇళ్లల్లో ఆడవాళ్లు అమెరికా వెళ్తే చదువుకో, ఉద్యోగానికో, కూతురి పురిటికో వెళ్తారు. కథల కోసం వెళ్తున్నదానివి నువ్వే. 2024 ఆగస్టులో మీ అక్క దగ్గర ఉన్నప్పుడు నేను గ్లాస్గో వరల్డ్‌కాన్ చూశాను కాబట్టి, నీకు పనికొచ్చేవి రాస్తున్నాను. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతాయి.

నువ్వు డబ్బు కట్టి తీసుకున్నది సభ్యత్వం. అంటే ఆ సభను నడిపే సంఘంలో నువ్వూ ఒకదానివి. 1939 జూలైలో న్యూయార్క్‌లో మొదటిసారి జరిగినప్పుడు వచ్చింది సుమారు 200 మంది. పత్రికలకు ఉత్తరాలు రాసుకుంటూ పరిచయమైన కుర్ర పాఠకులే దాన్ని మొదలుపెట్టారు. యుద్ధం వల్ల 1942 నుంచి 1945 దాకా ఆగింది, తర్వాత ఏటా జరుగుతూనే ఉంది. ఈ రోజుకీ నడిపేది జీతం లేని అభిమానులే. బ్యాడ్జి ఇచ్చే ఆయన మామూలుగా ఎక్కడో ఉద్యోగం చేసుకునే మనిషి, సెలవు పెట్టి వచ్చి అక్కడ కూర్చుంటాడు. నువ్వు హైదరాబాద్‌లో చూసిన కామిక్‌కాన్ వేరు. దాన్ని ఒక సంస్థ నడుపుతుంది, మనం టికెట్ కొని చూసి వస్తాం. అదీ బాగుంటుంది, కానీ ఆ అలవాటుతో అనాహైమ్ వెళ్తే చాలా పోగొట్టుకుంటావు.

మన సభల అలవాటుతో వెళ్తే ఇంకా ఎక్కువ పోగొట్టుకుంటావు. నెల్లూరు పురమందిరంలో సాహిత్య సభకు వెళ్తే ఏం చేస్తాం? వేదిక మీద పెద్దలు, కింద మనం. శాలువాలు కప్పుతారు, చప్పట్లు కొడతాం, చివర్లో ధైర్యముంటే వెళ్లి నమస్కారం పెడతాం. అక్కడ నీకు ఇష్టమైన రచయిత్రి కాఫీ లైన్‌లో నీ వెనకాలే నిలబడి ఉంటుంది. ఆమె మెడలోనూ నీలాంటి బ్యాడ్జే ఉంటుంది. ‘మీ ఫలానా కథ చదివాను, అందులో ఫలానా చోటు నన్ను వదల్లేదు’ అని చెప్పు. అంతకంటే పెద్ద ముందుమాట అక్కర్లేదు. రచయితలకు పొగడ్త కన్నా ఆ ‘ఫలానా చోటు’ ముఖ్యం. రెండు నిమిషాలు మాట్లాడి, ఆమెకు తొందర ఉన్నట్టు కనిపిస్తే వదిలెయ్. మర్నాడు మళ్లీ ఎదురుపడితే ఆమే నవ్వుతుంది.

ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకు. జపాన్ నుంచి, చైనా నుంచి, యూరప్ దేశాల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు, వాళ్లకూ అది నేర్చుకున్న భాషే. నెమ్మదిగా మాట్లాడితే అందరూ ఆగి వింటారు.

ఇక ప్యానెళ్లు. ఒకే గంటలో చాలా గదుల్లో చర్చలు నడుస్తుంటాయి. ఒక్కో దాంట్లో నలుగురైదుగురు మాట్లాడతారు, ఒకరు నడిపిస్తారు, చివర్లో ప్రశ్నలు తీసుకుంటారు. ప్రోగ్రాం విడుదల కాగానే కూర్చుని రోజుకు రెండో మూడో వదులుకోకూడనివి ఎంచుకో. మిగతా సమయం ఖాళీగా ఉంచు. ఉదయం నుంచి రాత్రి దాకా గదులు మారుతూ పరిగెత్తితే సాయంత్రానికి ఎవరు ఏం చెప్పారో గుర్తుండదు. పేరున్న వాళ్లు కూర్చున్నారని కాకుండా విషయాన్ని చూసి వెళ్లు. శాస్త్రవేత్తలు మాట్లాడేవి అస్సలు వదలకు. నీ కథల్లో సైన్సు ఎక్కడ పలచబడుతుందో నీకే తెలుస్తుంది. గది తలుపు దగ్గర కూర్చుంటే, నచ్చకపోతే మధ్యలో లేచి రావచ్చు. మన దగ్గర అలా లేస్తే అవమానం అనుకుంటారు, అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. ప్రశ్న అడిగితే మాత్రం ప్రశ్నే అడుగు. సొంత ప్రసంగం చేసేవాళ్లంటే అందరికీ విసుగు.

ప్యానెళ్ల కన్నా నాకు విలువైనవిగా అనిపించినవి చిన్న బల్లల దగ్గర జరిగే మాటలు. టేబుల్ టాక్ అనో, కాఫెక్లాచ్ అనో ప్రోగ్రాంలో కనిపిస్తుంది. ఒక రచయిత, లేదా ఎడిటర్, చుట్టూ పదిమంది లోపే. ముందుగా పేరు రాయించుకోవాలి, తొందరగా నిండిపోతాయి. అందరికీ తెలిసిన పేర్ల కోసం ఎగబడకుండా, చిన్న పత్రిక నడిపే ఎడిటర్ దగ్గర కూర్చో. కథలు ఎలా చదువుతారు, మొదటి పేజీలో ఎక్కడ ఆపేస్తారు, అనువాదాలు తీసుకుంటారా అని అడుగు. వాళ్లు దాచుకోకుండా చెప్తారు.

నువ్వు రచయిత్రివి కూడా కాబట్టి ఇది శ్రద్ధగా చదువు. ప్రింట్ చేసిన కథల కట్ట ఎవరి చేతిలోనూ పెట్టకు. దాదాపు పత్రికలన్నీ ఆన్‌లైన్‌లోనే కథలు తీసుకుంటాయి, కారిడార్‌లో ఇచ్చిన కాగితం హోటల్ గదిలోనే ఉండిపోతుంది. ఏం రాస్తావని అడిగితే రెండు వాక్యాల్లో చెప్పగలిగేలా సిద్ధంగా ఉండు. అద్దం ముందు చెప్పుకుని చూసుకో. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం సభ్యత్వానికి 2022కు ముందు లెక్కలోకి తీసుకున్న కనీస పారితోషికం పదానికి 8 సెంట్లు. అంటే కథకు డబ్బు రచయితకు రావాలి. ‘మీ పుస్తకం వేస్తాం, ఇంత కట్టండి’ అని ఎవరైనా అంటే, ఎంత తియ్యగా మాట్లాడినా నమస్కారం పెట్టి వచ్చెయ్.

ఎక్కడి నుంచి వచ్చావని అడుగుతారు. ఇండియా అని ఊరుకోకు. నెల్లూరు అని చెప్పు, మా మిద్దె మీద నిలబడితే రాకెట్ ఎగరడం కనిపిస్తుందని చెప్పు. 1971 అక్టోబర్‌లో శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఇప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, ఆ మంట మన ఆకాశంలోనూ కనిపిస్తూనే ఉంది. అలాగే రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవి అడవిలో బతికిన యానాదుల గురించి కూడా చెప్పు. తేనె, దుంపలు, పులికాట్ చేపలు ఆధారంగా బతికిన వాళ్ల పక్కనే కౌంట్‌డౌన్ మొదలైంది. ఇంతకంటే సైన్స్ ఫిక్షన్‌కు దగ్గరైన నేల ఎక్కడుంది? నువ్వు రాసిన కథల్లో అమెరికా పేర్లు పెట్టుకున్న వ్యోమగాములు ఉన్నారు. నాకు వాళ్లకన్నా, సూళ్లూరుపేట బస్టాండ్‌లో చివరి బస్సు కోసం చూసే నీ టెక్నీషియన్ ఎక్కువ నచ్చాడు. అనాహైమ్‌లో వినిపించాల్సింది ఆ కథే. తెలుగులో సైన్స్ ఫిక్షన్ ఉందా అని కూడా అడుగుతారు. 1991లో ‘ఆదిత్య 369’ తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు మన ఉదయగిరిలో పుట్టారని గర్వంగా చెప్పు.

ఉదయగిరి అంటే గుర్తొచ్చింది. అక్కడ చెక్కిన చెక్క స్పూన్లు ఓ డజను కొని తీసుకెళ్లు. బరువుండవు, పరిచయమైన వాళ్లకు ఇస్తే నిన్ను మర్చిపోరు. ఉలవపాడు మామిడిపళ్లు మాత్రం అన్నయ్యకు ఎంత ఇష్టమైనా సూట్‌కేసులో పెట్టకు. కస్టమ్స్‌లో పారేయిస్తారు.

వేషాలు వేసుకునేవాళ్లను చూడు. మొదటి వరల్డ్‌కాన్‌కే ఇద్దరు భవిష్యత్ కాలపు దుస్తుల్లో వచ్చారు, ఆ దుస్తులు కుట్టింది మోరోజో అనే పేరుతో పిలిచే మర్టిల్ డగ్లస్. చరిత్రలో ఆమె పక్కన ఉన్న మగమనిషి పేరే ఎక్కువ వినిపిస్తుంది, నువ్వు ఆమె పేరు గుర్తుపెట్టుకో. ఫొటో తీసే ముందు తప్పకుండా అడుగు. వేషం వేసుకున్నంత మాత్రాన వాళ్లను ముట్టుకోవచ్చని కాదు. నీ విషయంలోనూ అంతే. ఎవరి ప్రవర్తనైనా ఇబ్బందిగా అనిపిస్తే, చిన్న విషయమే కదా అని మింగేయకు. ప్రవర్తనా నియమావళి ఉంటుంది, దాన్ని చూసే వలంటీర్లు ఉంటారు. నేరుగా వాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పు. రాత్రి హోటల్ గదుల్లో పార్టీలు జరుగుతాయి. రాబోయే ఏళ్లలో సభను తమ ఊళ్లో పెట్టమని అడిగేవాళ్లు సభ్యులను పిలిచి ఇచ్చే పార్టీలు అందులో ఎక్కువ. వెళ్లు, సరదాగా ఉంటాయి. తాగకపోయినా ఎవరూ బలవంతపెట్టరు. ఎక్కడున్నావో అన్నయ్యకు మాత్రం మెసేజ్ పెట్టు.

అభిమానుల మధ్య ఒక పాత లెక్క ఉంది, 5-2-1. రోజుకు కనీసం ఐదు గంటల నిద్ర, రెండు పూటల భోజనం, ఒక స్నానం. అంత ఉత్సాహంలో ఇవే మర్చిపోతారు. విమానం దిగి రెండు రోజులైనా విశ్రాంతి తీసుకుని వెళ్లు. హాళ్లలో ఏసీ చలి ఎక్కువ, స్వెట్టర్ ఉండాలి. జనంలో తిరిగితే జలుబు పట్టుకుంటుంది, మాస్క్ పెట్టుకో. నడక చాలా ఉంటుంది, పాత చెప్పులే వేసుకో. మన తిండి మీద మనసు పోతే అన్నయ్యను ఆర్టీసియాకు తీసుకెళ్లమను, అక్కడ మన హోటళ్లు వరసగా ఉంటాయి.

వెళ్లేలోపు చెయ్యాల్సినది ఒకటుంది. హ్యూగో అవార్డులకు ఓటెయ్. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు 1953 నుంచి ఇస్తున్న ఆ అవార్డుల విజేతలను వరల్డ్‌కాన్ సభ్యులే ఎన్నుకుంటారు. కాన్‌కు ముందే ఓటింగ్ ముగిసిపోతుంది. పోటీలో ఉన్న రచనల్లో చాలావాటిని సభ్యులకు చదవడానికి పంపుతారు. ఒకటి, రెండు, మూడు అని వరస ఇవ్వాలి, ఏదీ తగదనుకుంటే ‘నో అవార్డ్’ అనీ పెట్టొచ్చు. చదవనిదానికి వరస ఇవ్వకు. కథానికల విభాగంతో మొదలుపెట్టు, వారం రోజుల్లో అయిపోతాయి. కావలిలో కూర్చుని నేనూ ఓటేస్తున్నాను. కాన్‌కు వెళ్లకపోయినా 50 డాలర్ల దరిదాపుల్లో కడితే ఆ హక్కు వస్తుంది.

మొదటి రోజు బ్యాడ్జి తీసుకోగానే వలంటీర్ల బల్ల దగ్గరికి వెళ్లి ఓ రెండు గంటలు ఏదో ఒక పని అడుగు. కుర్చీలు సర్దమన్నా సరే, తలుపు దగ్గర నిలబడమన్నా సరే. ఎవరూ తెలియని చోట ఒంటరిగా తిరగడం కన్నా పనిలో దిగితే మధ్యాహ్నానికి నలుగురు పేరుపెట్టి పిలుస్తారు.

సూళ్లూరుపేట కథ ఇంగ్లీషులో ఎంతవరకు వచ్చింది? అయినంతవరకు ఈ ఆదివారం పంపు. ఎస్‌ఎల్‌వి ప్రయోగం భాగంలో ఇంధనం గురించి రాసింది ఒకసారి సరిచూడాలి, ఆ పని నేను చేస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ