ట్రయల్ డిజైన్ మొదలుపెట్టే ముందు ఒకసారి ఇది చదువు

అమ్మాయ్,

నీ మెసేజ్ చూశాను. టీమ్‌లో అందరూ అడాప్టివ్ ప్లాట్‌ఫామ్ ట్రయలే చేద్దాం అంటున్నారు పెద్దమ్మా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు అన్నావు. అంటే ఒకే ట్రయల్‌లో చాలా మందుల్ని పెట్టి, ముందే రాసుకున్న రూల్స్ ప్రకారం మధ్యలో కొన్ని ఆపుతూ, కొత్తవి చేరుస్తూ పోవడం అన్నమాట. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

డిజైన్ పేరు ముందు పక్కన పెట్టేయ్. ఎలాంటి పేషెంట్లకి, ఏ మందు, దేనితో పోల్చి, ఎన్నాళ్లకి ఏది మారితే అది పనిచేసినట్టు, ఇదంతా ఒక్క వాక్యంలో రాయి. రాయలేకపోతే డిజైన్ గురించి మాట్లాడుకోవడం దండగ. రాశాక ఇంకో మాట అడుగు, ఈ ప్రశ్నకి మామూలు రెండు గ్రూపుల ట్రయల్ సరిపోదా అని. చాలాసార్లు సరిపోతుంది అమ్మా. కొత్త పద్ధతి అంటే గ్రాంట్ అప్లికేషన్‌లో బాగుంటుంది నిజమే, కానీ మామూలుది ఎక్కడ చేతులెత్తేస్తుందో నువ్వు చూపించగలిగినప్పుడే దాని జోలికెళ్లు. ఉదాహరణకి పోల్చాల్సిన మందులు చాలా ఉన్నాయి, పేషెంట్లు తక్కువ, లేదా జబ్బు ట్రయల్ కంటే వేగంగా పరిగెడుతోంది, అలాంటప్పుడు.

కోవిడ్ మందుల్ని పరీక్షించిన రికవరీ ట్రయల్ సంగతి నీకు తెలుసు. 2020 మార్చిలో బ్రిటన్‌లో మొదలైంది, జూన్ నెల సగానికే డెక్సామెథసోన్ జవాబు చెప్పేసింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల్లో చనిపోయినవాళ్లు మామూలు వైద్యంలో 41.4 శాతం, ఈ మందు ఇచ్చిన గ్రూపులో 29.3 శాతం. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మాత్రం లాభం కనపడలేదు. రోజుకి 6 మిల్లీగ్రాములు, పది రోజుల వరకు, ఎప్పటినుంచో ఉన్న చవక మందు! ఒకే ట్రయల్‌లో చాలా మందుల్ని పక్కపక్కన పెట్టి చూశారు అని అందరూ దాని డిజైన్ గురించే మాట్లాడతారు, అది నిజమే గానీ నన్నడిగితే అసలు సంగతి వార్డులో ఉంది. అర్ధరాత్రి డ్యూటీలో ఒక డాక్టర్, పీపీఈ వేసుకుని చెమటలు కక్కుతూ, కంప్యూటర్ ముందు నిలబడి కొన్ని ప్రశ్నలకి టిక్ పెడితే పేషెంట్ ఏ గ్రూపో తెలిసిపోయేది. తర్వాత ఒక చిన్న ఫారం, పేషెంట్ డిశ్చార్జ్ అయినప్పుడో, చనిపోయినప్పుడో, 28వ రోజునో, ఏది ముందైతే అప్పుడు నింపాలి, మిగతా సమాచారం చాలావరకు అప్పటికే ఉన్న ఆరోగ్య రికార్డుల్లోంచి తెచ్చుకున్నారు. నీ ఫారం నలభై పేజీలుంటే ఎంత గొప్ప డిజైన్ అయినా అక్కడే చచ్చిపోతుంది, నర్సులకి నీ బేసియన్ లెక్కలతో పనేంటి చెప్పు. ఫారంలో ప్రతి గడి దగ్గరా ఆగి, దీన్ని ఏ టేబుల్‌లో వాడతాను అని అడుగు, జవాబు లేకపోతే కొట్టెయ్.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. 1988లో వచ్చిన ఐసిస్-2 చూడు, గుండెపోటు వచ్చిన 17,187 మంది, 400 పైచిలుకు ఆస్పత్రులు. ఆస్పిరిన్, రక్తపు గడ్డని కరిగించే స్ట్రెప్టోకైనేజ్ రెండూ ఒకే ట్రయల్‌లో, కొందరికి ఒకటి, కొందరికి ఇంకొకటి, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. ఫాక్టోరియల్ డిజైన్ అంటారు దీన్ని, ఒకే జనంతో రెండు ప్రశ్నలకి జవాబు. అదే పేపర్లో ఇంకో సంగతుంది, సబ్‌గ్రూపుల పిచ్చి, అంటే పేషెంట్లని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి చూడటం, ఎంత ప్రమాదమో చూపించడానికి వాళ్లు పేషెంట్లని పుట్టిన రాశుల ప్రకారం విడగొట్టారు, చూస్తే మిథున, తులా రాశులవాళ్లకి ఆస్పిరిన్ పనిచెయ్యనట్టు, ఇంకాస్త చెడు చేసినట్టు కూడా కనపడింది. మిగతావాళ్లకి బ్రహ్మాండంగా పనిచేసింది మరి. రేపు మీ మీటింగ్‌లో ఎవరైనా యాభై దాటిన ఆడవాళ్లలో మాత్రం బాగుంది కదా అంటే ఆ టేబుల్ చూపించు.

ఇక అడాప్టివ్ సంగతి. జనం దీన్ని మధ్యలో ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు అనుకుంటారు, అసలు సంగతి సరిగ్గా దానికి రివర్సు. మధ్యలో ఏం మార్చొచ్చు, ఎప్పుడు, ఏ లెక్క దాటితే, ఎవరు చెప్తే అన్నది మొదటి పేషెంట్ చేరకముందే రాసిపెట్టుకుంటేనే అది అడాప్టివ్, రాయకుండా మార్చితే అది డేటా చూసి రూల్స్ రాసుకోవడం, దాన్ని ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. ఇంటరిమ్ అనాలిసిస్, అంటే మధ్యలో ఫలితాలు చూడటం, ఎంత ఎక్కువసార్లు చేస్తే తప్పు పాజిటివ్, అంటే పనిచెయ్యని మందు పనిచేసినట్టు కనపడే అవకాశం అంత పెరుగుతుంది. అందుకే మొదట్లో చాలా కఠినంగా ఉండి చివరికి మామూలు స్థాయికి వచ్చే ఓబ్రయన్-ఫ్లెమింగ్ లాంటి హద్దు గీతలు పెట్టుకుంటారు, అవి దాటితేనే ట్రయల్ ముందే ఆపుతారు. ఆ ఫలితాలు చూసేది స్వతంత్ర డేటా మానిటరింగ్ కమిటీ మాత్రమే. నువ్వు చూడకూడదు, మీ హెడ్ చూడకూడదు, డబ్బులిచ్చేవాళ్లు అసలు చూడకూడదు. ఏ మందు ముందుందో ఒకసారి తెలిశాక ఎవరిని చేర్చాలి, ఎవరికి నచ్చజెప్పాలి అన్నది నీకు తెలీకుండానే మారిపోతుంది.

చాలా ఆర్మ్‌లు, అంటే ఒక్కో వైద్యానికి ఒక్కో గ్రూపు, నడపాలంటే స్టాంపీడ్ చదువు, ప్రోస్టేట్ క్యాన్సర్‌ది, 2005లో మొదలైంది. పోలిక కోసం మామూలు వైద్యం అందే ఒకే కంట్రోల్ గ్రూపు, దానికి ఎదురుగా ఐదు ఆర్మ్‌లు. పసలేదని తేలినవాటిని మధ్యలోనే ఆపేశారు, సెలెకాక్సిబ్ అలాగే ఆగిపోయింది, 2011లో అబిరాటెరోన్ కొత్తగా వచ్చి చేరింది, 2017 నాటికి అది ప్రాణాలు నిలబెడుతుందని తేలింది. విడిగా ట్రయల్ పెట్టి ఉంటే కొత్త ప్రోటోకాల్, కొత్త అనుమతులు, మళ్లీ కొత్త కంట్రోల్ గ్రూపు, ఎన్నేళ్లు పట్టేదో! కానీ ఒక చోట జాగ్రత్త. తర్వాత చేరిన ఆర్మ్‌ని అదే కాలంలో చేరిన కంట్రోల్ పేషెంట్లతోనే పోల్చాలి. మూడేళ్ల కింద చేరినవాళ్లకి అందిన వైద్యం వేరు, రోగ నిర్ధారణ వేరు, వాళ్లని కూడా కలిపేస్తే సంఖ్య పెరుగుతుంది గానీ జవాబు చెడిపోతుంది. మోడల్‌తో సరిచేస్తాం అని మీ స్టాటిస్టీషియన్ అంటే అది అదనపు అనాలిసిస్‌గా పెట్టమను, ప్రైమరీగా, అంటే అసలు జవాబుగా, వద్దు.

రెమాప్-క్యాప్ కూడా చూడు. న్యుమోనియా కోసం మొదలైన ట్రయల్, మహమ్మారి వస్తే ఏం చెయ్యాలో అందులో ముందే రాసుకున్నారు, కోవిడ్ రాగానే ఆ తలుపు తెరిచారు. ముందుచూపు అంటే ఇది.

ఎవరు ఏ గ్రూపుకి వెళ్లాలో చీటీ వేసినట్టు తేల్చడాన్ని రాండమైజేషన్ అంటారు, అందులో గెలుస్తున్న మందుకి ఎక్కువమందిని పంపే రెస్పాన్స్ అడాప్టివ్ రాండమైజేషన్ గురించి అడిగావు కదా. వినడానికి చాలా న్యాయంగా అనిపిస్తుంది, నాకు మాత్రం ఎప్పుడూ భయమే, ఎందుకో చెప్తా. 1985లో ఊపిరి అందని పసిపిల్లలకి ఎక్మో, అంటే రక్తానికి ఒంటి బయటే ఆక్సిజన్ ఎక్కించే యంత్రం, మీద ఒక ట్రయల్ వచ్చింది. గెలిచినవైపుకి అవకాశం పెరిగే పద్ధతి. మొదటి బిడ్డ ఎక్మోకి వచ్చింది, బతికింది. రెండో బిడ్డ మామూలు వైద్యానికి వెళ్లింది, చనిపోయింది. ఆ తర్వాత అందరూ ఎక్మోకే, అందరూ బతికారు. మొత్తం లెక్క ఎక్మోలో పదకొండుమంది, మామూలు వైద్యంలో ఒక్క బిడ్డ. ఒక్క బిడ్డతో పోల్చి ఏం చెప్తావు? ఎక్మో పనిచేస్తుంది అన్నది నిజమే, కానీ అది డాక్టర్లు ఒప్పుకునేలా తేలింది బ్రిటన్‌లో 185 మంది పిల్లలతో మామూలు రాండమైజేషన్ చేసి 1996లో ఫలితాలు ఇచ్చాక, ఎక్మో గ్రూపు 93 మందిలో 30 మరణాలు, అవతల 92 మందిలో 54. మధ్యలో గడిచిన ఏళ్లంతా వాదనలే. రెండు ఆర్మ్‌లే ఉంటే నువ్వు సగం సగమే పంచు, అవసరమైతే త్వరగా ఆపే రూల్ పెట్టుకో. ఆర్మ్‌లు చాలా ఉంటే అప్పుడు ఆలోచించు, అప్పుడు కూడా కంట్రోల్ గ్రూపు పలచబడకుండా కాపాడుకో.

మందు ఒక్క మనిషికి కాకుండా ఊరు ఊరంతటికీ ఇవ్వాల్సి వస్తే లెక్క వేరు. 2015లో గినియాలో ఎబోలా వ్యాక్సిన్‌కి రింగ్ పద్ధతి వాడారు, ఒక రోగి బయటపడగానే అతని చుట్టూ ఉన్నవాళ్లు, వాళ్లని కలిసినవాళ్లు ఒక రింగ్, కొన్ని రింగులకి వెంటనే వ్యాక్సిన్, కొన్నిటికి 21 రోజుల తర్వాత. వెంటనే వేయించుకున్నవాళ్లలో పది రోజులు దాటాక ఒక్క కేసూ రాలేదు. ప్లాసిబో, అంటే ఉత్తుత్తి టీకా, లేదు, చివరికి రెండువైపులా వ్యాక్సిన్ అందింది, పోలికా నిలబడింది. ఎథిక్స్, లెక్క రెండూ ఒకే డిజైన్‌లో ఇంత చక్కగా కుదరడం నేను అరుదుగా చూశాను.

రిజిస్ట్రీలోనే, అంటే ఒక జబ్బు పేషెంట్ల వివరాలు రోజూ రాసుకునే రికార్డులోనే ట్రయల్ నడపడం, పేషెంట్ ఇంటినుంచే పాల్గొనడం, వీటికి రెండు పేపర్లు చాలు. స్వీడన్ గుండె రిజిస్ట్రీ ఆధారంగా నడిచిన టేస్ట్ ట్రయల్, 2013, 7,244 మంది, గుండెపోటులో రక్తపు గడ్డని పీల్చి తియ్యడం వల్ల 30 రోజుల్లో మరణాలు తగ్గలేదని తేల్చింది, రోజూ ఎలాగూ నింపే రికార్డులోనే రాండమైజేషన్ కలిపేశారు కాబట్టి ఖర్చు చాలా తక్కువ. మరణం లాంటిది రిజిస్ట్రీలో తప్పిపోదు, అందుకే కుదిరింది, నొప్పి తగ్గిందా లాంటి ప్రశ్నకి ఈ దారి పట్టకు. రెండోది 2021లో వచ్చిన అడాప్టబుల్, 15,076 మంది, ఆస్పిరిన్ 81 మిల్లీగ్రాములా 325 మిల్లీగ్రాములా అని, ఫాలోఅప్ చాలావరకు వెబ్‌సైట్ ద్వారానే. పెద్ద డోసు గ్రూపులో 41.6 శాతం మంది చిన్న డోసుకి మారిపోయారు! రెండు గ్రూపులకీ తేడా లేదని వచ్చింది, కానీ అంతమంది మారిపోయాక ఆ తేడా లేదు అన్న మాటకి బరువెంత? ఇంటికి పంపిన మందు వేసుకుంటున్నారో లేదో నీకు కనపడదు. మందు మానేసినవాళ్లని, మార్చుకున్నవాళ్లని ఎలా లెక్కపెడతావో ముందే రాసుకోవాలి, ట్రయల్ సరిగ్గా ఏ ప్రభావాన్ని కొలుస్తోందో చెప్పే నిర్వచనాన్ని ఎస్టిమాండ్ అంటారు, ఇది అందులో ముఖ్య భాగం, మందుల ట్రయల్స్‌కి అంతర్జాతీయ మార్గదర్శకాలు రాసే ఐసీహెచ్ 2019లో ఇచ్చిన ఈ9 అనుబంధంలో వివరంగా ఉంది, పొడి భాషే కానీ ఓపిగ్గా చదువు.

స్టాటిస్టీషియన్‌ని ఇవాళే పిలువు, ప్రోటోకాల్ అయిపోయాక కాదు. సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్‌లో నడిపే ఉత్తుత్తి ట్రయల్స్, అడుగు, వేల సంఖ్యలో. మందు అసలు పనిచెయ్యకపోతే ఎన్నిసార్లు తప్పుగా గెలిచినట్టు వస్తుంది, కొంచెమే పనిచేస్తే ఏమవుతుంది, మందు ప్రభావం ఆలస్యంగా కనపడితే, పేషెంట్లు అనుకున్నదానికంటే వేగంగా చేరిపోయి ఫలితాలు వచ్చేలోపే చేరికలు అయిపోతే ఏమవుతుంది. ఈ చివరిది ఎవరూ అడగరు, అడాప్టివ్ డిజైన్లు చాలావరకు దెబ్బతినేది అక్కడే, ఇంటరిమ్ చూసేసరికి మార్చడానికి ఎవరూ మిగలరు. అందుకే ప్రైమరీ ఔట్‌కమ్, అంటే ముఖ్యంగా కొలిచే ఫలితం, ఏడాది తర్వాత తెలిసేదైతే, చేరికలు ఆరు నెలల్లో అయిపోయేవైతే, అడాప్టివ్ అన్న ఆలోచనే మానుకో.

కన్సెంట్, అంటే పేషెంట్ ఒప్పుకోలు, దాని మాట చెప్పి ముగిస్తా. ఇలాంటి డిజైన్ ప్రొఫెసర్లకే సరిగ్గా అర్థం కాదు, నొప్పితో మంచం మీదున్న మనిషికి ఎలా చెప్తావు? ఈ జబ్బు ఉన్నవాళ్లని నలుగురిని ఇప్పుడే కూర్చోబెట్టుకో, ఏ ఫలితం వాళ్లకి ముఖ్యమో అడుగు, నువ్వు ల్యాబ్ విలువ అంటావు, వాళ్లు మెట్లెక్కగలనా అంటారు, ప్రైమరీ ఔట్‌కమ్ అక్కడ మారిపోతుంది కొన్నిసార్లు. కన్సెంట్ ఫారం వాళ్లకే చదివి వినిపించి, ఇప్పుడు మీకేం జరగబోతోందో మీ మాటల్లో చెప్పండి అను. మీకు ఏ మందు వస్తుందో డాక్టర్ చేతిలో లేదు, మధ్యలో కొన్ని మందులు ఆపొచ్చు, కొత్తవి రావచ్చు, మీరు ఎప్పుడైనా బయటికి వెళ్లొచ్చు, ఈ మూడూ వాళ్ల నోట వచ్చేవరకు ఫారం తిరగరాయి. తిరగరాసింది నాకూ పంపు, ఆదివారం కూర్చుని చూస్తా.

మీ పెద్దమ్మ