ఆకలి ఎవరు వేశారు?

సందేహం: మా అబ్బాయి రెండో తరగతి చదువుతున్నాడు. ‘ఆకలేస్తోందా నాన్నా?’ అంటే ‘ఎవరు వేశారమ్మా?’ అని అడుగుతాడు. ‘రాత్రి నిద్ర పట్టిందా?’ అంటే ‘అది నన్ను పట్టుకుందా, నేను దాన్ని పట్టుకున్నానా?’ అంటాడు. ‘నువ్వు నన్ను కన్నావు, నేను కల కన్నాను, అయితే కల నీకు మనవరాలా?’ అన్నది నిన్నటి ప్రశ్న. బస్సులో ‘ఊరొచ్చింది, దిగు’ అంటే ఊరెలా వస్తుందంటాడు. బియ్యం నిండుకున్నాయంటే మరి మళ్ళీ కొనడమెందుకంటాడు. మా మామగారు అన్నిటికీ ఏదో ఒక కొంటె జవాబు చెప్పి నవ్విస్తారు. ఇంతలో మా బంధువు ఒకాయన, ‘పిల్లాడు అడిగింది నిజమే, ఆకలి వేయడమేమిటి? ఆకలిగా ఉంది అనాలి, అదే సరైన తెలుగు’ అన్నారు. ఏది ఒప్పు? ఇలాంటి ప్రశ్నలకు అసలు సమాధానాలంటూ ఉంటాయా?

సమాధానం: అమ్మా, ముందు మీ బంధువు గారి మాట తేల్చేద్దాం. ‘ఆకలి వేస్తోంది’ నూటికి నూరుపాళ్ళూ ఒప్పు. ‘ఆకలిగా ఉంది’ కూడా ఒప్పే. ఒకటి తప్పయి రెండోది దాని దిద్దుబాటు కావడం కాదు, రెండూ రెండు వేర్వేరు సంగతులు చెబుతాయి. చలిని తీసుకుంటే ఈ తేడా బాగా తెలుస్తుంది. ‘బయట చలిగా ఉంది, కాని నాకు చలెయ్యడం లేదు’ అనండి. ఎవరికీ తప్పనిపించదు. ‘చలిగా ఉండడం’ చోటుకూ చెల్లుతుంది, మనిషికీ చెల్లుతుంది. ‘చలి వేయడం’ ఒంటి మీద తెలియాల్సిందే. గోడలకు చలెయ్యదు. ఇక ఆకలి విషయంలో, ‘ఆకలిగా ఉంది’ అంటే ఇప్పుడున్న స్థితి. ‘ఆకలేసింది’ అంటే ఆ స్థితి మొదలైన ఘడియ. ‘ఆకలేసింది, లేచి వెళ్ళి తిన్నాను’ అంటాం. అక్కడ ‘ఆకలిగా ఉంది, లేచి వెళ్ళి తిన్నాను’ అని చూడండి, మాట కుంటుతుంది. మీ బంధువు గారి సలహా పాటిస్తే తెలుగులో ఒక తేడా చెరిగిపోతుంది. దయచేసి పాటించకండి.

తెలంగాణలో చాలాచోట్ల ‘ఆకలైతంది’, ‘దూపైతంది’ (దాహమేస్తోంది) అంటారు. అదీ అంతే ఒప్పు. అక్కడ ‘వేయు’ చేసే పని ‘అగు’ చేస్తుంది.

ఇక మీ అబ్బాయి ప్రశ్న. ఎవరు వేశారు? వాడు అడిగింది వాక్యంలో కర్త ఎక్కడ అని. పిల్లలు ఆటగా అడిగారని దాటవేయదగ్గ ప్రశ్న కాదిది. భాషాశాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి తర్కించిన ప్రశ్న.

‘నేను తిన్నాను, నువ్వు తిన్నావు, వాళ్ళు తిన్నారు’ — తినేవాళ్ళు మారితే క్రియ చివర మారుతుంది. ‘నాకు ఆకలేసింది, నీకు ఆకలేసింది, వాళ్ళకు ఆకలేసింది’ — ఎవరు మారినా ‘వేసింది’ అలాగే ఉంది. క్రియ మనుషుల్ని పట్టించుకోలేదు. అది ఒదిగి ఉన్నది ఆకలికి. కాబట్టి క్రియ తీరును బట్టి చూస్తే కర్త ఆకలే. ‘ఎవరో నాకు ఆకలిని వేశారు’ అని కాదు, ‘ఆకలి నాకు వేసింది’ అని. ముగ్గు వేసినట్టూ తలుపు వేసినట్టూ ఇక్కడ వేసేవాడు వేరే ఎవడూ లేడు. ఆకలి అన్న నామవాచకం, వేయు అన్న క్రియ కలిసి ఒకే క్రియలా పనిచేస్తున్నాయి. వీటిని మనవాళ్ళు శబ్దపల్లవాలు అన్నారు. అలా కలిశాక ‘వేయు’ తన పాత అర్థాన్ని వదిలేస్తుంది.

అయితే కథ ఇక్కడితో అయిపోతే నేనింత రాయను. ‘సీత రాముడికి తన పుస్తకం ఇచ్చింది’ అన్న వాక్యంలో ‘తన’ ఎవరిది? సీతది. తెలుగులో ‘తన’ మామూలుగా కర్తనే వెతుక్కుంటుంది. ‘కు’ చేరిన రాముడి వైపు చూడదు. ఇప్పుడు ‘రాముడికి తన పుస్తకం మీద విసుగొచ్చింది’ అనండి. ఇక్కడ ‘తన’ రాముడిది! అదే ‘కి’, అదే రాముడు. ఒక వాక్యంలో దక్కని గౌరవం రెండో వాక్యంలో దక్కింది. అంటే క్రియ విసుగుకు ఒదిగినా, వాక్యం మాత్రం లోలోపల రాముణ్ణే కర్తగా చూస్తోంది. ‘ఆకలేసి లేచాను’ లాంటి వాక్యాలను కూడా కొందరు ఇందుకు రుజువుగా చూపుతారు. ‘వేసి’ లాంటి అసమాపక క్రియకూ సమాపక క్రియకూ కర్త ఒకటే కావాలి కదా అని వారి వాదన. ‘వాన పడి మట్టి తడిసింది’ అని కూడా తెలుగులో అంటాం, అక్కడ కర్తలు రెండు. అందుకని నేను దాన్ని గట్టి రుజువుగా తీసుకోను. ‘తన’ ఇచ్చే సాక్ష్యమే నాకు గట్టిదనిపిస్తుంది.

ఇలా కర్త పదవి ఇద్దరు పంచుకునే వాక్యాలు మన పొరుగు భాషల్లోనూ ఉన్నాయి. తమిళులు ‘ఎనక్కు పసిక్కిఱదు’ అంటారు, మలయాళీలు ‘ఎనిక్కు విశక్కున్ను’ అంటారు. హిందీలో ‘ముఝే భూఖ్ లగీ’. అన్నిటా మనిషికి ‘కు’ లాంటిదే చేరింది. సంస్కృతంలో ఆకలిగొన్నవాడు ప్రథమా విభక్తిలోనే దర్జాగా ఉండగలడు. కాని ఇష్టం దగ్గరికి వచ్చేసరికి అక్కడా ఇదే తంతు. ‘రుచ్యర్థానాం ప్రీయమాణః’ అని పాణిని ఒక సూత్రమే చేశాడు. ఏదైనా నచ్చడం అనే అర్థమున్న క్రియలతో, అది ఎవరికి నచ్చిందో వాడు సంప్రదానమవుతాడని, అంటే చతుర్థీ విభక్తిలో ఉంటాడని. మన బడి వ్యాకరణాల్లో కి, కు ప్రత్యయాలు షష్ఠీ విభక్తిలో ఉంటాయి, చతుర్థిలో కొఱకు, కై ఉంటాయి. అందుకే ‘నాకు ఆకలేసింది’లో ‘నాకు’ చేసే పనేమిటో ఆ పట్టికలు చూసి తెలుసుకోలేం.

తెలుగు ఇందులో ఎంత నేర్పు చూపిస్తుందో పిల్లల మాటల్లోనే వినొచ్చు. తరగతిలో ఎందుకు నవ్వావని అడిగితే ‘నేను నవ్వలేదండీ, నాకు నవ్వొచ్చింది’ అంటారు. అది తప్పించుకోవడం కాదమ్మా, నిజంగా రెండూ వేరు. ‘నవ్వొచ్చింది కాని నవ్వలేదు’ అన్న మాట మనమంతా అంటాం. రావడం మన చేతుల్లో లేదు, నవ్వడం ఉంది. చేతుల్లో లేనిదానికి ‘నాకు’, ఉన్నదానికి ‘నేను’. ‘నాకు భయమేసింది’ అన్నవాడితో ‘భయం వెయ్యకు’ అని ఎవరూ అనరు. ‘భయపడకు’ అంటాం. ఆజ్ఞాపించాలంటే ముందు ఆ మనిషిని మళ్ళీ కర్తను చేసుకోవాలి. సిగ్గుకు సిగ్గుపడకు ఉంది, కోపానికి కోపం తెచ్చుకోకు ఉంది. ఆకలికి మాత్రం నేటి మాటల్లో అలాంటిది లేదు. కావ్యభాషలో ‘ఆకొను’ ఉండేది, ‘ఆకొన్నవాడు’ అనేవారు, అక్కడ మనిషే కర్త. వాడుకలో అది పోయింది. ఆకలి వేయవద్దని ఇవాళ తెలుగులో ఎవరినీ ఆజ్ఞాపించలేం. నాకది ఎంతో నచ్చిన సంగతి.

ఇక ఏ బాధకు ఏ క్రియ అన్నదానికి సూత్రం లేదు. ఆకలి, దాహం, భయం, జాలి వేస్తాయి. కోపం, నవ్వు, జ్వరం వస్తాయి. జలుబు చేస్తుంది, ఉక్క పోస్తుంది. ‘ఆకలి వచ్చింది’ అంటే తెలుగు కొత్తగా నేర్చుకుంటున్నవారని వెంటనే పోల్చుకుంటాం. ఇది నుడికారం, విని పట్టుకోవలసిందే. పట్టడం సంగతి కాస్త వేరు. నిద్రకు వచ్చు, పట్టు రెండూ ఉన్నాయి, కాని ఒకటి కావు. ‘నిద్ర వస్తోంది కాని పట్టడం లేదు’ అని మంచం మీద దొర్లుతూ అనుకుంటాం. కళ్ళు మూతలు పడడం రావడం, లోపలికి జారడం పట్టడం. కనుక మీ అబ్బాయికి చెప్పండి, నిద్రే వాణ్ణి పట్టింది. వాడు పట్టుకోబోతే అది దొరకదు.

కల సంగతికొస్తే వాడి లెక్కలో ఒక్కటే లోటు. తెలుగులో ‘కను’ అనే క్రియలు రెండున్నాయి. ఒకటి చూచు అనే అర్థంలోది. కన్ను, కనబడు, కనుగొను, ‘కన్నవీ విన్నవీ’ దాని చుట్టాలు. కల కనడం అంటే కలను చూడడం. రెండోది బిడ్డను కనడం. పసికందులో ఉన్న ‘కందు’ దాని బంధువు. తమిళంలో మొదటిదానికి సాటి ‘కాణ్’, అందులో ఉన్నది ణకారం. రెండోదానికి చుట్టం ‘కన్ఱు’, అంటే దూడ, అందులో ఉన్నది నకారం. తెలుగులో ఆ పాత ణకారం నకారంలో కలిసిపోవడంతో రెండు క్రియలూ ఒకే రూపానికి వచ్చాయి. బరో, ఎమెనో పండితులు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి కోశంలో (1961, రెండో కూర్పు 1984) ఇవి వేర్వేరు పద్దుల కిందే ఉన్నాయి. కాబట్టి కల మీకు మనవరాలు కాదు. ‘కాయు’ సంగతి ఇంకా సొగసైనది, మీవాడు ఎలాగూ అడుగుతాడు. ఎండ కాస్తుంది, చెట్టు కాస్తుంది, కాపరి గొర్రెల్ని కాస్తాడు. వేడెక్కడం ఒకటి, కాయలివ్వడం ఒకటి, రక్షించడం ఒకటి. మూడు పాత ధాతువులు వచ్చి ఒక్క రూపంలో కూర్చున్నాయి. కాపడం మొదటిదాని బిడ్డ, ‘ఈ ఏడు కాపు బాగుంది’ అన్నప్పటి కాపు రెండోదాని బిడ్డ, కాపలా మూడోదాని బిడ్డ.

ఊరు రావడం గురించి క్లుప్తంగా. బస్సులో కూర్చున్నవాడికి కదిలేది బయటి లోకం. మాట్లాడేవాడున్న చోటుకు ఏది చేరినా తెలుగులో అది ‘వచ్చు’. ఊరు చేరిందా, మనం చేరామా అన్నది భౌతికశాస్త్రం తేల్చుకుంటుంది.

బియ్యం నిండుకోవడం వేరే జాతి ప్రశ్న, దీనికి వ్యాకరణం జవాబు చెప్పదు. ఇంట్లో సరుకు ‘లేదు’, ‘అయిపోయింది’ అనడానికి మన పెద్దలకు నోరు రాదు. లేమిని నోటితో పలికితే అది ఇంట్లో నిలుస్తుందని జంకు. అందుకని ఎదుటి మాట తెచ్చుకున్నారు. దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కింది అన్నదీ, వెళ్ళేటప్పుడు ‘వెళ్తాను’ అనకుండా ‘వస్తాను’ అన్నదీ ఇందుకే. పైగా భాష ఇక్కడ ఒక గుర్తు కూడా ఉంచింది. ‘డబ్బా నిండింది’ అంటే నిజంగా నిండడం. ‘బియ్యం నిండుకున్నాయి’ అంటే అయిపోవడం. నిండేది పాత్ర, నిండుకునేది సరుకు. ఇదొక్కటి చెబితే మీ అబ్బాయి మళ్ళీ తికమకపడడు.

ఇక మీ మామగారి కొంటె జవాబులు. వాటిని ఆపమని అడగకండి. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అనే అంశమే ఒకటుంది. ఒక పృచ్ఛకుడు పద్యాల మధ్యలో దూరి, సందర్భంతో పనిలేని చిలిపి ప్రశ్నలు వేస్తాడు. అవధాని తడుముకోకుండా, నవ్విస్తూ జవాబివ్వాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాన్ని జనంలోకి తెచ్చినప్పటి నుంచి ఇప్పటిదాకా ప్రేక్షకులు చెవులు రిక్కించేది ఆ ఘట్టంలోనే. మీ ఇంట్లో పృచ్ఛకుడు మనవడు, అవధాని తాతగారు. నేను కోరేది ఒక్కటే. ప్రశ్న ఏ మాటను పట్టుకుందో జవాబూ ఆ మాటనే పట్టుకోవాలి. ‘ఆకలి ఎవరు వేశారు?’ అంటే ‘బూచాడు’ అనడం జవాబు కాదు, బెదిరింపు. ‘ఎవరు వేశారో గాని, వేసింది తీయడం ఎవరి తరమూ కాదు, తీర్చడం మాత్రం మీ అమ్మకు వచ్చు’ అనమనండి. ఆకలి వేస్తుంది, తీరుతుంది, తీయబడదు. నవ్వుతూనే పిల్లవాడికి ఒక నుడికారం దొరుకుతుంది. అసలు సమాధానం ఆ తరవాత చెప్పినా ఆలస్యం కాదు, నవ్వినవాడు శ్రద్ధగానే వింటాడు.

వాడు ఇంకా అడగని ప్రశ్న ఒకటుంది, ముందే రాసిపెడుతున్నాను. ‘పాప నిద్రపోయింది’ అంటే పడుకున్నట్టు. ‘పాప ఏడుపుతో నా నిద్ర పోయింది’ అంటే మెలకువగా ఉన్నట్టు. అదే నిద్ర, అదే పోయింది, అర్థం మాత్రం తలకిందులు! ఎందుకంటారా, మొదటిదాంట్లో పోయింది పాప, నిద్రలోకి. రెండోదాంట్లో పోయింది నిద్ర. మొదటిది ‘నేను నిద్రపోయాను, వాళ్ళు నిద్రపోయారు’ అని మనిషిని బట్టి మారుతుంది. రెండోది ‘నా నిద్ర పోయింది, వాళ్ళ నిద్ర పోయింది’, ఎంతమందిదైనా మారదు. రాసేటప్పుడు కూడా మొదటిదాన్ని కలిపి, రెండోదాన్ని విడదీసి రాయండి.