పుట్టింటికి వస్తున్న మేనకోడలికి

చి. అమ్మాయికి, అత్త ఆశీస్సులు.

హైదరాబాద్ ఫ్లాట్ ఖాళీ చేసి నెలాఖరుకి తెనాలి వచ్చేస్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. రా. నలభై ఆరేళ్ళకి పుట్టింటికి వస్తే తప్పేం లేదు, కాకపోతే పండక్కి వచ్చినట్టు రాకు.

ముందు నీ మరదలికి ఫోన్ చెయ్యి. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇల్లు నడుపుతున్నది ఆ పిల్లే. "నేను ఏ గదిలో ఉంటే నీకు వీలుగా ఉంటుంది?" అని అడుగు. వచ్చాక వంటింట్లో డబ్బాలు సర్దబోకు. పోపులపెట్టె పొయ్యికి ఎడమపక్కన పెట్టుకుంటుంది, అక్కడే ఉండనీ. నీకంటూ ఒక పని కావాలంటే మీ నాన్నని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, వారానికి సరిపడా బీపీ మాత్రలు సర్దిపెట్టడం నీ మీద వేసుకో. ఆ పనంటే మీ తమ్ముడికి బద్ధకం.

డబ్బు సంగతి మొదటి వారంలోనే తేల్చెయ్యి. ఉద్యోగం దొరికేదాకా ఐదువేలైనా సరే, ఒకటో తారీఖున మరదలి చేతిలో పెట్టు. మీ నాన్నకిస్తే సాయంత్రానికి తిరిగి నీ పర్సులోనే పెడతాడు, అది ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఇంకొకటి. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది. ఆఖరి రోజుకి ముందే ఆ ఇన్సూరెన్స్ వాళ్ళతో మాట్లాడి సొంత పాలసీలోకి మారు. షుగరున్నదానివి, మధ్యలో తెగిందంటే, ముందునుంచీ ఉన్న జబ్బుకి వాళ్ళు డబ్బివ్వని వెయిటింగ్ పీరియడ్ మళ్ళీ మొదటికొస్తుంది.

ఆస్తి మాట నువ్వై ఎత్తకు. ఇల్లు మీ నాన్న సొంత సంపాదనతో కట్టింది, వాడిష్టం. పొలం మాత్రం పంపకాలు కాని పిత్రార్జితం. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం మీ తమ్ముడితో సమానంగా నీకూ వాటా ఉంది, పెళ్ళయినంత మాత్రాన పోలేదు. ఊరికే ఫార్మాలిటీ అంటూ హక్కు వదులుకునే కాగితం ఎవరైనా ముందు పెడితే, సంతకం చేయకుండా నాకు ఫోన్ చెయ్యి.

వీధిలోవాళ్ళు మీ ఆయన రాలేదా అంటారు. "విడిపోయాం పిన్నిగారూ" అని ఒక్కముక్కలో చెప్పేసి, వాళ్ళబ్బాయి పెళ్ళి సంబంధాలు ఎందాకా వచ్చాయో అడుగు. దాస్తే నెలంతా ఆరా తీస్తారు. మీ అమ్మ ఎలాగూ ఏడుస్తుంది. ఏడవనీ. ఓదార్చబోయి జరిగినదంతా మళ్ళీ మొదలుపెట్టకు, ఇద్దరికీ నిద్ర ఉండదు.

ఆ రెండు తలుపుల ఫ్రిజ్ మాత్రం తేకు. పెట్టడానికి చోటులేదు, అక్కడే అమ్మెయ్యి.

మీ అత్త